నల్ల బండికి సిరామిక్ స్ప్రే కొట్టాక పొగ పట్టినట్టుంది, ఏం చేయాలి?

నల్లబండి, రాయగడ (ఆదివారం, రాత్రి 8:50)

అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ల నాటి నల్ల సెడాన్. పోయిన ఏడాది విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంకో 24 రోజుల్లో చెల్లి పెళ్లి, పార్వతీపురంలో. పెళ్లికొడుకుని విడిదికి తీసుకొచ్చేది ఈ బండిలోనే. అప్పటికి అద్దంలా ఉండాలని ఆన్‌లైన్‌లో సిరామిక్ స్ప్రే (పెయింటు మీద కాపు పొర కట్టే మందు) తెప్పించి, మూడు ఆదివారాలు మూడు కోట్లు కొట్టాను.

మొదటి కోటు తర్వాత బాగానే అనిపించింది. ఇవాళ మూడోది అయ్యాక ఎండలో పక్కనుంచి చూస్తే బానెట్ అంతా మసక. నీళ్ల మీద పెట్రోలు పడితే రంగులు తేలతాయే, అలాంటి చారలు. వేలితో రాస్తే గీత పడుతోంది. నీళ్లు పోస్తే మాత్రం ముత్యాల్లా జారిపోతున్నాయి. అంటే స్ప్రే పని చేస్తున్నట్టే కదా? మరి మెరుపు ఎటు పోయింది? ఇంకో కోటు కొడితే సర్దుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

బరంపురం_బాబాయ్ (ఆదివారం, రాత్రి 9:25)

బాబూ, ముందుగా చెల్లి పెళ్లికి నా ఆశీస్సులు. ఇంకో కోటు మాత్రం వద్దు. ఆ సీసా బీరువాలో పెట్టి తాళం వెయ్.

నీళ్లు ముత్యాల్లా నిలవడం వేరు, రంగు తేటగా కనబడటం వేరు. పై పొర నీటిని అంటనివ్వకపోతే చుక్క గుండ్రంగా నిలుస్తుంది. పొర సమంగా ఉన్నా నిలుస్తుంది, అతుకులు అతుకులుగా ఉన్నా నిలుస్తుంది. మెరుపు సంగతి అలా కాదు. పడిన వెలుగు చెదరకుండా తిరిగొస్తేనే మెరుపు. సరిగ్గా తుడవని మందు పైన మిగిలిపోతే వెలుగు చెల్లాచెదురై నలుపు కాస్తా బూడిద రంగుగా కనిపిస్తుంది. తెల్ల బండి మీద ఇదే మిగిలినా ఎవరి కంటా పడదు. నలుపు దేన్నీ దాచదు.

వేలితో రాస్తే గీత పడుతోందన్నావు, అది మంచి కబురే. మరక చాలావరకు పెయింటులో లేదు, పెయింటు మీద ఉందన్నమాట. ఇప్పుడు ఒకటొకటిగా చెప్పు. ఏ నీళ్లతో కడిగావు? ఎండలోనా, నీడలోనా? ఏ గుడ్డతో తుడిచావు? సీసా మీద పొడి బండికి కొట్టమని ఉందా, తడి బండికి కొట్టమని ఉందా?

నల్లబండి, రాయగడ (ఆదివారం, రాత్రి 9:48)

బాబాయ్ గారూ, నీళ్లు మా ఇంటి బోరువి. ఆఖరి కడుగుడికి మాత్రం ఆర్వో మెషిన్ నుంచి వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి వాడాను, వృథా చేయడం ఎందుకని. ఉదయం 11 గంటలప్పుడు, ఇంటి ముందు రోడ్డు మీదే. సీసా మీద తడి బండికి కొట్టి కడిగేయమని ఉంది. మగ్గుతో నీళ్లు పోశాను. తర్వాత పెట్రోలు బంకు దగ్గర అమ్మే పసుపు గుడ్డతోనూ, పాత బనియన్‌తోనూ తుడిచాను.

ఇంకో మాట. రోజూ పొద్దున్న మంచుకి తడిసిన దుమ్మును అదే గుడ్డతో తుడిచేసి ఆఫీసుకి వెళ్తాను.

పద్మ_పర్లాకిమిడి (ఆదివారం, రాత్రి 10:05)

తమ్ముడూ, ఆర్వో వదిలేసే నీళ్లు బండికి అసలు పనికిరావు. మెషిన్ మంచినీళ్లను ఒకవైపు పంపి, ఉప్పులన్నీ రెండోవైపు నీళ్లలో పోగేసి బయటికి నెడుతుంది. మామూలు బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం అందులో ఇంకా చిక్కగా ఉంటాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అందులోనూ నీ బండి మీద నీళ్లు గుండ్రంగా చుక్కలు కడుతున్నాయి. ఒక్కో చుక్కా ఎండి తెల్లటి చక్రంలా మిగులుతుంది. నువ్వు చెప్పిన మసకలో సగం ఇదే అయి ఉంటుంది.

నీళ్లు పొదుపు చేయాలన్న ఆలోచన మంచిదే. దానికి ఏసీ నీళ్లు పట్టు. గాలిలోని తేమ చల్లబడి కారేది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. మా ఇంట్లో వేసవిలో ఒక రాత్రికి బకెట్ నిండుతుంది. ఆఖరి కడుగుడుకి నాకు అవే. ఇప్పుడు మాఘం కాబట్టి ఏసీ ఎవరూ వేయరనుకో. మునిసిపాలిటీ కుళాయి ఉంటే ఆ నీళ్లే నయం. అవీ ఆరనివ్వకుండా తుడిచేయాలి.

జయపురం_టాక్సీ (సోమవారం, ఉదయం 6:30)

నేను 14 ఏళ్లుగా టాక్సీ తోలుతున్నాను. కోరాపుట్ ఎర్రమట్టి గురించి నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. ఆ దుమ్ము చూడ్డానికి మెత్తగా పౌడరులా ఉంటుంది గానీ అందులో ఇసుక రేణువులుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది, దాంతోపాటు పెయింటు మీద గీతలు పడతాయి. పొద్దున్నే ఎండ వాలుగా పడినప్పుడు చూడన్నా, సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు కనబడతాయి.

మాలో చాలామంది ఇంకో పని చేస్తారు. గుడ్డకు కాస్త డీజిలో కిరోసినో పట్టించి బండంతా రాస్తారు. ఆ పూటకి నిగనిగలాడుతుంది. సాయంత్రానికి ఆ జిడ్డుకి దుమ్మంతా పట్టేస్తుంది. రబ్బరు బీడింగులు మెత్తబడి ఉబ్బుతాయి. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. ఆ బండి డోర్ రబ్బర్లు మార్చాల్సి వచ్చాక మానేశాను.

స్ప్రే గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ముందు అద్దం మీద కొట్టొద్దు. ఓసారి మిగిలింది కదా అని ముందు అద్దానికీ పూసేశాను. ఆ రాత్రి సాలూరు ఘాట్ దిగుతుంటే వాన మొదలైంది. వైపర్ తిరుగుతుంటే గడగడమని చప్పుడు, అద్దమంతా పాలు పూసినట్టు పొర. ఎదురుగా వచ్చే లారీ లైటు నాలుగు లైట్లుగా కనిపించింది. బండిలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పక్కకి ఆపి, సబ్బు నీళ్లతో అద్దం కడిగాకే కదిలాను. అద్దానికి అద్దం మందే వాడాలి. బ్రేక్ డిస్కు మీదా, టైరు నేలకి తగిలే చోటా, పెడల్స్ మీదా స్ప్రే పడకూడదు. మెరుపు కంటే ప్రాణం ముఖ్యం అన్నా.

సాలూరు_పెయింటర్ (సోమవారం, మధ్యాహ్నం 1:40)

సాలూరులో నాకు షెడ్డుంది. లారీ క్యాబిన్లకి రంగు వేస్తూ నేర్చుకున్నాను. ఇప్పుడు కార్లే ఎక్కువ వస్తున్నాయి. పైనవాళ్లంతా మంచి మాటలే చెప్పారు. నేను అసలు విషయానికొస్తాను.

నువ్వు కొన్నది తడి బండి మీద కొట్టి, వెంటనే ప్రెషర్ నీళ్లతో కడిగేసే రకం. ఆ నీటి వేగమే మందుని సమంగా పరుస్తుంది, ఎక్కువైనదాన్ని ఊడ్చుకుపోతుంది. మగ్గుతో పోస్తే నీళ్లు వాటికి నచ్చిన దారిలో జారిపోతాయి. ఆ దారి పక్కన మందు మందంగా ఉండిపోతుంది. పైగా 11 గంటలకి నల్ల బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కొట్టినది కొట్టినట్టు ఎండిపోయి ఉంటుంది. దాని మీదే రెండోసారీ, మూడోసారీ కొట్టావు.

కంపెనీ పెయింటు ఎలా ఉంటుందో తెలిస్తే నీకు సగం భయం పోతుంది. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక కోటు, ఆపైన ప్రైమరు, తర్వాత రంగు, అన్నిటి పైన క్లియర్, అంటే రంగు లేని వార్నిష్ లాంటి పొర. మొత్తం కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో క్లియర్ 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. ఇంటికొచ్చే న్యూస్‌పేపరు కాగితం మందం దాదాపు 70. అంటే నీ బండి మెరుపంతా ఒక కాగితం కంటే పల్చటి పొరలో ఉంది. నువ్వు కొట్టిన స్ప్రే సరిగ్గా పరుచుకుంటే ఒక మైక్రాన్ కూడా ఉండదు. అది గీతని పూడ్చలేదు, లోతు తేలేదు. లోతుగా, తడిగా కనిపించే ఆ నలుపు క్లియర్‌లోంచే రావాలి. కింద తేటగా ఉంటే పైన స్ప్రే ఆ తేటని కాపాడుతుంది. కింద మురికిగా ఉంటే మురికినే కాపాడుతుంది.

ఇప్పుడు ఒక పరీక్ష చెయ్యి. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. దానికి సమంగా మంచినీళ్లు కలుపు. చేతికి రాసుకునే జెల్ శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ లాంటివి ఉండి ఇంకో పొర కడుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, కడిగి ఆరబెట్టాక, బానెట్ మీద నీ అరచేయంత చోట మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడువు. ఆ చోట మసక పోయి నలుపు తేలితే అదంతా మిగిలిపోయిన మందే. తెల్లటి చక్రాలు అలాగే ఉంటే నీళ్ల మరకలు. సన్న గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తే అవి క్లియర్‌లో ఉన్నాయి. ఏది ఎంతుందో తెలిశాక మిగతా పని చెప్తాను.

బల్లార్షా_తెలుగోడు (సోమవారం, రాత్రి 7:15)

మేస్త్రి గారి మాటకి అడ్డు చెప్పను గానీ, నల్ల బండికి స్ప్రేల కంటే పాతకాలపు కార్నౌబా వాక్స్ నయమని నా నమ్మకం. తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీసే మైనం అది. చేత్తో రాసి, ఆరాక తుడిస్తే నలుపుకి వచ్చే నిగారింపు నాకు ఏ సిరామిక్ స్ప్రేతోనూ రాలేదు. మాది చంద్రపూర్ జిల్లా, ఇక్కడ బొగ్గు దుమ్ము. పొద్దున్న లేచేసరికి బండి మీద నల్లటి పొడి ఉంటుంది. వాక్స్ ఉంటే కడిగినప్పుడు సులువుగా వదులుతుంది.

మా దగ్గర దుమ్ము దులపడానికి పొడవాటి కుచ్చుల డస్టర్ వాడతారు. నేను దాన్ని మూలన పడేశాను. బొగ్గు పొడిని దానితో ఈడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బరంపురం_బాబాయ్ (సోమవారం, రాత్రి 8:00)

నిగారింపు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మీ చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నల్ల రేకు అంతకంటే చాలా వేడెక్కుతుంది. కార్నౌబా కరిగేది 82 డిగ్రీల దగ్గర, అంత వేడి రాకపోయినా ఎండకీ సబ్బుకీ అది కొన్ని వారాల్లోనే పోతుంది. మాకు గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి. నాకు కొన్ని నెలలు నిలిచేదే కావాలి. అందుకే పాలిమర్ రకం స్ప్రే సీలెంట్ (మైనం బదులు పెయింటుకి కాపు కాసే మందు) వాడతాను. ఎవరి గాలిని బట్టి వాళ్లు ఎంచుకోవాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి. రెండూ కావాలంటే సీలెంట్ ముందు, వాక్స్ తర్వాత. మైనం మీద సీలెంట్ కొడితే అది పెయింటుకి అంటుకోదు, మైనంతోపాటే ఊడిపోతుంది.

గుణుపురం_తమ్ముడు (సోమవారం, రాత్రి 8:20)

మధ్యలో అడుగుతున్నాను, క్షమించండి. మా బండి ఎడమ డోరు పోయిన వారం డెంటింగ్, పెయింటింగ్ చేయించాం. దాని మీద ఇప్పుడే స్ప్రే కొట్టొచ్చా?

సాలూరు_పెయింటర్ (సోమవారం, రాత్రి 9:10)

వద్దు తమ్ముడూ. కొత్తగా వేసిన పెయింటు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి నుంచి థిన్నర్ ఇంకా బయటికొస్తూ ఉంటుంది. పైన మూత వేసినట్టు సీలెంట్ కొడితే అది లోపలే ఆగిపోయి రంగు మందగిస్తుంది. ఒకటి రెండు నెలలు ఆగు. బూత్‌లో వేడికి ఆరబెట్టారా, బయట గాలికి ఆరబెట్టారా అన్నదాన్ని బట్టి మీ పెయింటరే సరిగ్గా చెప్తాడు. అప్పటిదాకా మామూలుగా కడుక్కో, చాలు.

పనిలో పనిగా మా బాధ కూడా చెప్తాను. సిలికాన్ ఉన్న స్ప్రేలంటే పెయింటర్లకి హడల్. టచప్‌కి వచ్చిన బండి మీద అది కాస్త మిగిలినా, వేసిన రంగు గుండ్రంగా విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి. ఫిష్ ఐ అంటాం. మొత్తం వాటర్ పేపర్ (తడి ఉప్పుకాగితం) పట్టి మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే బండి షెడ్డుకి తెచ్చినప్పుడు ఏం కొట్టారో ముందే చెప్పండి. మేం తిట్టం. సిలికాన్ తీసే మందుతో రెండుసార్లు తుడిచి పని మొదలుపెడతాం.

నల్లబండి, రాయగడ (బుధవారం, ఉదయం 7:40)

మేస్త్రి గారూ, పరీక్ష చేశాను. అరచేయంత చోట తుడవగానే మసక పోయింది. నిజంగా బావిలోకి చూస్తున్నట్టు నలుపు. పక్కనే మిగతా బానెట్ బూడిద పూసినట్టుంది. కానీ ఆ తేట పడిన చోట కందిగింజంత తెల్ల చక్రాలు ఏడెనిమిది ఉన్నాయి. జయపురం అన్న చెప్పిన సాలెగూడు గీతలు కూడా ఇప్పుడే బాగా కనిపిస్తున్నాయి.

ఇంకొకటి కనిపించింది. బండి కొన్న రోజు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించాం. బానెట్ మధ్యలో సింధూరంతో స్వస్తిక్ వేశారు. అమ్మ తుడవనివ్వలేదు, పది రోజులు ఎండలో అలాగే ఉంది. తర్వాత పొడిగుడ్డతో గట్టిగా రుద్ది తీశాను. ఇప్పుడు పైపొర పోయాక ఆ స్వస్తిక్ నీడలా కనిపిస్తోంది, దాని చుట్టూ గీతలు.

సాలూరు_పెయింటర్ (బుధవారం, మధ్యాహ్నం 2:05)

ఇప్పుడు రోగం తెలిసింది. మందు చెప్తాను, తొందరపడకుండా చెయ్యి. రెండు ఆదివారాలు పడుతుంది, నీకు టైముంది.

ఎండ రాకముందు, మంచు ఆరాక మొదలుపెట్టు. మా షెడ్డులోనైతే రేకు మీద అరచేయి పెట్టి చూస్తాం, చల్లగా తగిలితేనే పని మొదలు. ముందు ఒట్టి నీళ్లతో దుమ్మంతా వదిలేదాకా కడుగు. పైపు ఉంటే మంచిది, లేకపోతే పై నుంచి మగ్గులు మగ్గులు పొయ్యి, అప్పుడే గుడ్డ పెట్టకు. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో ఒట్టి నీళ్లు. గుడ్డని షాంపూలో ముంచి రూఫ్ నుంచి కిందికి రా. ప్రతి రెండు చేతుల మేరకి ఒట్టి నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచు. ఆ ఒట్టి నీళ్ల బకెట్ అడుగున ఎంత ఎర్రమట్టి దిగుతుందో చూస్తే, ఇన్నాళ్లూ అది ఎక్కడ తిరిగిందో నీకే అర్థమవుతుంది. బట్టల సబ్బు పొడి మాత్రం వాడకు.

తర్వాత ఆల్కహాల్ నీళ్లతో ఒక్కో ప్యానెల్ తుడుచుకుంటూ పాత స్ప్రే తీసెయ్. తెల్ల చక్రాలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డకి పట్టించి, చక్రాల మీద ఒక నిమిషం ఆనించి ఉంచు. ఆరనివ్వకు, వెంటనే కడిగెయ్. కొత్త మరకలు దీనికే వదులుతాయి. ఉప్పు క్లియర్‌ని తినేసి గుంట చేసి ఉంటే వెనిగర్‌కి లొంగదు, పాలిష్ పట్టాలి.

అప్పుడు చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా పోనివ్వు. ఉత్త చేతికి నున్నగా తోచింది కవర్‌తో గరుగ్గా, ఉప్పుకాగితంలా తగిలితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) పట్టాలి. షాంపూ నీళ్లు ధారాళంగా పోస్తూ, బరువు వేయకుండా, అటూ ఇటూ తిన్నగా జరుపు. మట్టి పట్టిన వైపుని లోపలికి మడిచి కొత్త వైపు వాడు. కింద పడితే ఆ ముక్క పారెయ్, కడిగినా వాడకు.

గీతలకి పాలిష్. మిషన్ నీ దగ్గర లేదు, అలవాటూ లేదు. బానెట్, డిక్కీ మాత్రం తెలిసిన వాళ్ల చేత సన్న పాలిష్ పట్టించు. రబ్బింగ్ కాంపౌండ్ వద్దను. రుద్దిన ప్రతిసారీ క్లియర్‌లో కొంత పోతుంది, మళ్లీ రాదు. అంచుల దగ్గర పొర ఇంకా పల్చన, అక్కడ మిషన్ ఆనించనివ్వకు.

పసుపు మరకైతే ఎండకే వెలిసిపోయేది. సింధూరంలో నూనె కలిపి పెట్టారు, ఎండలో పది రోజులు కాగింది, ఆపైన పొడిగా రుద్దావు. సన్న పాలిష్‌కి ఎంత పోతే అంత పోనివ్వు. పూర్తిగా పోవాలని మాత్రం పట్టుబట్టకు.

పద్మ_పర్లాకిమిడి (బుధవారం, సాయంత్రం 5:30)

గుడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. తమ్ముడూ, ఆ పసుపు గుడ్డ, బనియన్ రెండూ ఇంటి తలుపులు తుడవడానికి పెట్టు. 350 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) పైన ఉండే మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు కొను. అంచున ఉండే లేబుల్ కత్తిరించెయ్, అదీ గీతలు పెడుతుంది. గుడ్డని రెండుసార్లు మడిస్తే వాడుకోవడానికి ఎనిమిది ముఖాలు వస్తాయి. స్ప్రే పరచడానికి ఒకటి, వెంటనే పొడిగా తుడవడానికి ఇంకొకటి. రెండో గుడ్డ కాస్త తేమగా అనిపిస్తే ముఖం మార్చెయ్. నేను చూసినంతవరకు చారలు మిగిలేది చాలాసార్లు రెండో గుడ్డ తడిసిపోవడం వల్లే.

ఉతికేటప్పుడు వేరేగా, లిక్విడ్ సబ్బుతో ఉతుకు. మెత్తదనానికి పోసే కండిషనర్ పోయకు. దాని జిడ్డు పోగుల్లో చేరి, బండి మీద చారలుగా దిగుతుంది. నూలు బట్టలతో కలిపి ఉతికితే నూగంతా పట్టేస్తుంది.

జయపురం_టాక్సీ (బుధవారం, రాత్రి 9:00)

మా బావమరిదిది తెల్ల బండి. రైల్వే స్టేషన్ పక్కనే పెడతాడు. కడిగినా పోని నారింజ రంగు చుక్కలు ఉన్నాయి, ఆవగింజంత. తుప్పంటున్నాడు. రేకు తుప్పు పట్టిందా?

బరంపురం_బాబాయ్ (బుధవారం, రాత్రి 9:20)

రేకు కాదు. రైలు బ్రేకు వేసినప్పుడు చక్రాల నుంచి రాలే సన్న ఇనుప రజను వచ్చి బండి మీద దిగి తుప్పు పడుతుంది. ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. నీడలో, చల్లటి రేకు మీద కొడితే ఆ చుక్కల దగ్గర ఊదా రంగు కారుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారు పడొద్దు. ఆరకముందే బాగా కడిగేయాలి. ఆ తర్వాతే క్లే. ముందే క్లే పడితే ఇనుప రజనుతో రుద్దినట్టవుతుంది.

నల్లబండి, రాయగడ (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:30)

ఉదయం ఆరున్నరకి మొదలుపెట్టాను. ఒట్టి నీళ్ల బకెట్ అడుగున మీరన్నట్టే ఎర్రటి ఒండ్రు, అర అంగుళం. గుండె తరుక్కుపోయింది.

ఆల్కహాల్‌తో మొత్తం తుడవడానికి గంటన్నర పట్టింది. గుడ్డ కాస్త జిగురుగా పట్టి పట్టి జరిగింది, తర్వాత ఉన్నట్టుండి నున్నగా జారడం మొదలైంది. పొర ఎక్కడ వదిలిందో చేతికే తెలిసిపోయింది. చక్రాల్లో చాలావరకు వెనిగర్‌కి పోయాయి. రూఫ్ మీద నాలుగు మిగిలాయి. వేలిగోరు ఆనిస్తే చిన్న పల్లం తెలుస్తోంది. కవర్ తొడుక్కుని చూస్తే డోర్లు బాగానే ఉన్నాయి, బానెట్ ముందు భాగం మాత్రం రవ్వలా ఉంది. క్లే పట్టాక ఆ ముక్క గోధుమ రంగులోకి మారింది.

పాలిష్‌కి వచ్చే ఆదివారం ఒకాయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఒక అనుమానం. పాలిష్ తర్వాత ఇదే స్ప్రే వాడొచ్చా, పారేయాలా? ఇంట్లో ప్రెషర్ వాషర్ లేదు.

సాలూరు_పెయింటర్ (ఆదివారం, సాయంత్రం 6:15)

పారేయకు. ప్రెషర్ వాషర్ ఉన్న సర్వీసింగ్ సెంటర్‌కి తీసుకెళ్లినప్పుడు అక్కడ వాడు. పక్కనే నిలబడి, ఒక్కో ప్యానెల్‌కి కొట్టగానే కడిగించు. ఇంట్లోనైతే పొడి బండికి కొట్టి తుడిచే రకం తీసుకో. సీసా బాగా ఊపు. గాలి వీస్తుంటే బండి మీద కాకుండా గుడ్డ మీద కొట్టు. రెండడుగుల చదరానికి ఒకటి, మహా అయితే రెండు స్ప్రేలు చాలు. పరిచి, అది ఆరకముందే రెండో గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే పక్క చదరానికి వెళ్లు. తుడిచాక టార్చ్ లైటు వాలుగా వేసి చూడు. ఎక్కడైనా చార మిగిలితే దాని మీదే ఇంకాస్త కొట్టి వెంటనే తుడిచెయ్, కరిగి వస్తుంది. మర్నాటికి గట్టిపడ్డాక అయితే మళ్లీ ఆల్కహాల్ దాకా వెళ్లాలి.

ఒకటే కోటు. ఆ రాత్రి మంచు పడకుండా షెడ్డులో పెట్టు.

జయపురం_టాక్సీ (ఆదివారం, రాత్రి 8:40)

పెళ్లి బండి అంటున్నావు కదా, ఇది కూడా విను అన్నా. పూలు కట్టేవాళ్లు సెల్లోటేపుతో దండలు నేరుగా బానెట్‌కి అంటిస్తారు. రెండు గంటలు ఎండలో ఉంటే జిగురు పెయింటుకి పట్టేస్తుంది. తీసేటప్పుడు గోరుతో గీకుతారు. నేను ఇలాంటి పెళ్లిళ్లు చాలా చూశాను. బానెట్ రెండు వైపులా కొక్కేల నుంచి రిబ్బన్ లాగి, దానికి దండలు కట్టించు. పేరు బోర్డు వెనక అద్దానికి లోపలి నుంచి అంటించమను. గులాబీ రేకులు తడిసి బండి మీద రాత్రంతా ఉంటే రంగు దిగుతుంది, ఇంటికి రాగానే నీళ్లు పోసెయ్.

పద్మ_పర్లాకిమిడి (ఆదివారం, రాత్రి 9:05)

అక్షింతలు కూడా. పసుపు తడి ఆరకముందే కడుగు.

నల్లబండి, రాయగడ (ఇరవై ఐదు రోజుల తర్వాత, గురువారం రాత్రి 10:20)

పెళ్లి బాగా జరిగింది. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

సన్న పాలిష్ బానెట్‌కీ డిక్కీకీ పట్టించాను. సాలెగూడు గీతలు ముప్పాతిక వంతు పోయాయి. ఇంట్లో పొడి రకం స్ప్రే ఒక్క కోటు, మేస్త్రి గారు చెప్పినట్టు చదరం చదరంగా. టార్చ్ వేసి చూస్తే డ్రైవర్ వైపు డోర్ మీద ఒక చార దొరికింది, అప్పుడే తుడిచేశాను. పెళ్లి ముందు రోజు సాయంత్రం పార్వతీపురంలో బండి ఆపితే, విడిది ఇంటి ముందు కట్టిన మామిడి తోరణం బానెట్‌లో ఆకు ఆకుగా కనిపించింది. మా నాన్న వంగి అందులో మీసం సరిచేసుకున్నారు.

టేపు ఎవరినీ అంటించనివ్వలేదు. పూలవాళ్లు కాస్త విసుక్కున్నారు, అయినా రిబ్బన్ మీదే కట్టారు.

సింధూరం స్వస్తిక్ మాత్రం పూర్తిగా పోలేదు. మామూలుగా కనిపించదు, పొద్దున్న ఎండ వాలుగా పడినప్పుడు లీలగా కనిపిస్తుంది. పాలిష్ పట్టినాయన ఇంకోసారి రుద్దుతానన్నాడు. అక్కడ క్లియర్ ఎంత మిగిలిందో కొలిచే మీటరు ఆయన దగ్గర లేదు, అందుకే వద్దన్నాను. అమ్మ కూడా అమ్మవారి గుర్తు ఉండనివ్వమంది.

సాలూరు_పెయింటర్ (గురువారం, రాత్రి 10:45)

మంచి పని చేశావు. ఉండనివ్వు. ఈసారి పూజకి వెళ్లినప్పుడు బొట్టు నంబరు ప్లేటు మీద పెట్టించు. రోజూ పొద్దున్న ఆ తడిగుడ్డ తుడుపు మానేశావా లేదా, అది చెప్పు ముందు.

నల్లబండి, రాయగడ (గురువారం, రాత్రి 10:52)

మానేశాను మేస్త్రి గారూ. దుమ్ముతోనే ఆఫీసుకి వెళ్తున్నాను. ఆదివారం కడుగుతాను.